మా వదినగారి మోకాలు

ఎవరైనా "నాకెందుకులెండి గానీ" అని మాట మొదలుపెడితే ఇప్పటికీ నా నడుం నిటారుగా అవుతుంది. ఆ మాట తర్వాత వచ్చేది ఏదీ తిన్నని మాట కాదని నా అనుభవం. పోయిన వారం తెనాలి మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే వెనక ఒక ఆడమనిషి అచ్చం ఆ గొంతుతోనే అంది, "నాకెందుకులే గానీ, ఇవి నిన్నటి వంకాయలు కాదుటయ్యా?" నా చేతిలో వంకాయ చేతిలోనే ఉండిపోయింది. తిరిగి చూస్తే ఎవరో. ఆ మాటను తన సొంతం చేసుకున్న మనిషి ఈ వానాకాలంలోనే పోయింది.

ఆవిడ మా వియ్యపురాలు. నా కోడలి తల్లి. కాపురం రేపల్లెలో. మేం తెనాలి పక్కన అంగలకుదురులో ఉంటాం. ఒకళ్ళనొకళ్ళం వదినగారూ అని పిలుచుకునేవాళ్ళం. మా మధ్య మర్యాద ఆ పిలుపు దగ్గరే ఆగిపోయేది.

పొట్టి మనిషి. నడిస్తే గాజుల కన్నా ముందు నోరు వినిపించేది. టీ ఎంత చల్లారినా సాసరులో పోసుకునే తాగేది. ఏదన్నా గుర్తుపెట్టుకోవాలంటే కొంగుకు ముడి వేసుకునేది. ఆ తర్వాత ముడి దేనికి వేసిందో మర్చిపోయేది. మర్చిపోతే విప్పేది కాదు, గుర్తొచ్చేదాకా అలాగే ఉంచుకునేది. మా ఇంటికి ఫోను చేసి, "ఏమే, నా కొంగున ముడుంది, దేనికో నీకేమన్నా తెలుసా?" అని కూతుర్ని అడిగేది. రేపల్లెలో ఆవిడ వేసుకున్న ముడి సంగతి అంగలకుదురులో కూతురికి ఎలా తెలుస్తుంది? అయినా ఆ పిల్ల కోప్పడకుండా, "నెయ్యి కాచడానికా అమ్మా? కరెంటు బిల్లు కట్టడానికా?" అని ఒక్కొక్కటే అడిగేది. నేను పక్కన కూర్చుని, ఈ తల్లీకూతుళ్ళు ఫోనులో ఎంత కాలం తగలేస్తున్నారా అని పళ్ళు నూరుకునేదాన్ని.

మా పోటీ పెళ్ళి పంక్తిలో మొదలైంది. నేను మగపెళ్ళివారి తరఫు పెద్దని. అయినా వంటవాళ్ళ దగ్గర నిలబడి, మిగిలిన కూర పారబోయకండి, పనివాళ్ళకు పెట్టండి అని చెబుతున్నాను. ఆవిడ వడ్డన బకెట్టు పట్టుకుని వచ్చి, పంక్తి మొత్తం వినేలా అంది.

"నాకెందుకులెండి గానీ, మా వదినగారు విస్తరి తిరగేసి రెండో పూటకు కూడా వడ్డిస్తారట."

అందరూ నవ్వారు. ఆడపెళ్ళివారు అంత మాట అంటారా అని మావాళ్ళు మొహాలు ముడుచుకున్నారు.

"తిరగేసి వడ్డించినా మా ఇంట్లో ఎవరూ ఆకలితో లేవరు వదినగారూ. మీ అమ్మాయి కూడా లేవదు" అన్నాను.

ఆవిడ బకెట్టు దించి నా విస్తట్లో ఇంకో బూరె వేసింది. ఆ బూరె తిన్నాను. వదిలేస్తే వృథా.

అక్కడి నుంచి ఎప్పుడు కలుసుకున్నా అంతే. నేను మొక్కంటే మునగ, కరివేపాకు, బీర పాదు అనుకుంటాను. ఆవిడ ఇంటి నిండా పూలే. "తినని మొక్కలకు నీళ్ళెందుకు వదినగారూ?" అంటే, "మనం పూలు తినకపోవచ్చు, పూలు మన బెంగను తింటాయి" అనేది. నాకు ఆ మాట అప్పట్లో వేషంలా తోచేది.

ఇక్కడ నా కళ్ళ సంగతి చెప్పాలి. అప్పటికి కొన్నాళ్ళుగా నా రెండు కళ్ళకూ పొర కమ్ముతూ వస్తోంది. ఎవరికీ చెప్పలేదు. నేను చదివింది మూడో తరగతి. ఇంట్లో నన్ను పుస్తకం పట్టుకోగా చూసినవాళ్ళు లేరు కాబట్టి చూపు తగ్గిన సంగతి అక్కడ బయటపడలేదు. బియ్యంలో రాళ్ళు వేలికొసలతో ఏరేదాన్ని. పాలు పొంగడం చెవితో పట్టేదాన్ని. వచ్చింది ఎవరో చెప్పుల చప్పుడును బట్టి తెలుసుకునేదాన్ని. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ముందు పొయ్యి దగ్గర నుంచి లేపుతారు. తర్వాత బీరువా తాళాలు అడుగుతారు. ఆ తర్వాత మంచం మీద కూర్చోబెట్టి కాఫీ చేతికిస్తారు. అక్కడితో మనిషి సరి. ఆపరేషను చేయించుకోవచ్చుగా అంటే, కంటి మీద కత్తి అంటే నాకు భయం. అంత భయం నాలో ఉందని చెప్పుకోవడం ఇంకా కష్టం.

ఆ తాళాలు నా తర్వాత అందుకునేది నా కోడలు. అంటే ఈ వియ్యపురాలి కూతురు. కాబట్టి లోకంలో ఎవరికి తెలిసినా ఫరవాలేదు గానీ ఈవిడకు మాత్రం తెలియకూడదు అనుకున్నాను.

అయిదారేళ్ళ కిందట కార్తీక మాసంలో మా అబ్బాయి కారు తీశాడు. పొద్దున్నే సూర్యలంకలో సముద్ర స్నానం, మధ్యాహ్నం బాపట్ల పార్కులో ఉసిరి చెట్టు కింద వనభోజనం, సాయంత్రం వదినగారిని రేపల్లెలో దింపి ఇంటికి రావడం, అదీ ఏర్పాటు. ముందు రోజే ఆవిడ మా ఇంటికి వచ్చి దిగింది. పులిహోర, గారెలు, పెరుగన్నం నేనే కట్టాను. దారిలో ఏదీ కొననివ్వలేదు.

సముద్రం దగ్గర నాకు ఇబ్బంది లేదు. సముద్రానికి చూపు అక్కర్లేదు. చప్పుడు ఎటు నుంచి వస్తే అటు దణ్ణం పెట్టుకుని మూడు మునకలు వేస్తే సరిపోయింది.

పార్కు అలా కాదు. ఆదివారం కావడంతో ఇసుక వేస్తే రాలనంత జనం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళంతా అక్కడే చాపలు పరిచారు. ఎక్కడ చూసినా పిల్లలు, ఉయ్యాలలు, సిమెంటు జింకలు, నోరు తెరిచిన పక్షుల్లాంటి చెత్త డబ్బాలు. ఇవన్నీ ఉన్నాయని ఇప్పుడు చెబుతున్నాను. ఆ రోజు నా కళ్ళకు అదంతా రంగులు కలిపిన పొగ.

భోజనాల ముందు, సీసాలు నింపుకొస్తానని నేనే లేచాను. నీళ్ళు కొనుక్కుని తాగడం నాకు నచ్చదు. పైగా కదలకుండా కూర్చుంటే అనుమానం వస్తుంది. పంపు చప్పుడు వినిపించిన వైపు నడిచాను. మనవరాలు వెంట వచ్చింది. పంపు పక్కన ఆకుపచ్చ చీర కట్టుకుని ఒకామె చంకన బిందెతో నిలబడి ఉంది. నిండితే జరుగుతుందిలే అని వెనక నిలబడ్డాను. ఎంతకీ జరగదు. నీళ్ళేమో కారిపోతూనే ఉన్నాయి. నీళ్ళు అలా నేలపాలవుతుంటే నేను ఊరుకోలేను.

"ఏమ్మాయ్, బిందె నిండి ఎంతసేపయింది? పంపు కట్టకుండా ఆ నిలబడటం ఏంటి? కాస్త జరుగు" అన్నాను.

పక్కన ఎవరో కిసుక్కున నవ్వారు. మనవరాలు, "నాయనమ్మా, అది..." అంటూ ఉండగానే వెనక నుంచి గాజుల కన్నా ముందు నోరు వినిపించింది.

"ఉండవే, మీ నాయనమ్మను అడగనివ్వు. గట్టిగా అడగండి వదినగారూ. నేను వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను, ఉలకదు, పలకదు. నాకెందుకులెండి గానీ, ఇది మీ తెనాలి మనిషే. మా రేపల్లె మనిషైతే ఈపాటికి మీకు జవాబు చెప్పేది."

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. మనవరాలు కూడా నవ్వుతూ, "అమ్మా, నాయనమ్మా అమ్మమ్మా కలిసి బొమ్మతో పోట్లాడుతున్నారు" అని అరుస్తూ పరిగెత్తింది. బొమ్మ అన్న మాట అప్పుడు విన్నాను. చెయ్యి చాచి ఆ ఆకుపచ్చ చీరను తాకాను. సిమెంటు. ఎండకు కాలిపోతోంది. నా మొహం దానికన్నా ఎక్కువ కాలింది.

ఆవిడ నా చేతిలో సీసాలు అందుకుంది. నింపింది. పంపు కట్టేసింది. ఆ తర్వాత, "అబ్బా" అని నా మోచెయ్యి పట్టుకుంది.

"మోకాలు పట్టేసింది వదినగారూ. సముద్రంలో ఎక్కడో బెణికినట్టుంది. కాస్త చెయ్యివ్వండి. మీరు పట్టుకోకపోతే నేను అడుగు వెయ్యలేను."

మేం చాప దగ్గరకు రాగానే కోడలు కంగారుపడింది. "ఏంటమ్మా, పొద్దున బాగానే ఉన్నావుగా?"

"పొద్దున మోకాలు వేరు, మధ్యాహ్నం మోకాలు వేరు. నీకూ వయసొస్తుందిగా, తెలుస్తుందిలే. మీ అత్తగారు ఉన్నారు, నన్ను ఆవిడ చూసుకుంటారు. నువ్వెళ్ళి వడ్డించు."

భోజనాలయ్యాక పార్కంతా తిరగాలని పిల్లలు పట్టుబట్టారు. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. దారి పొడుగునా ఒకటే సణుగుడు. "ఈ మెట్టు ఎవరు కట్టారో గానీ, ఇంత ఎత్తా? మనుషులు ఎక్కేదా, ఏనుగులు ఎక్కేదా?" అనేది. నేను కాలు ఎత్తి వేసేదాన్ని. "కొలను చుట్టూ కమ్మీ కూడా పెట్టలేదు చూడండి, ఇంత దగ్గరగా బాట వేస్తారా?" అనేది. నేను ఇవతలికి జరిగేదాన్ని. "ఈ కొమ్మ కొట్టించే దిక్కు లేదు, నెత్తికి తగిలేలా ఉంది" అంటే తల వంచేదాన్ని. ఆ మనిషి పార్కును తిట్టిన తిట్లన్నీ నాకు దారి అయ్యాయి. చూసేవాళ్ళకు మాత్రం, రేపల్లె ఆవిడ కుంటుతోంది, పాపం అంగలకుదురు ఆవిడ నడిపిస్తోంది.

గేటు దగ్గరకు వచ్చేసరికి చిటుక్కుమని చప్పుడైంది. వెంటనే కాపలా మనిషి గొంతు.

"అమ్మా, కొమ్మలు విరవకూడదండి. బోర్డు చూడలేదా?"

"విరవలేదు నాయనా, విరిగి వేలాడుతోంది. ఎవరి కంట్లోనన్నా గుచ్చుకుంటుందని తీశాను."

"మీ ముందే నిక్షేపంగా ఉందండి అది."

"నీకు నాలాంటి అమ్మ ఉంటే ఇలాగే అంటావా?"

"మా అమ్మ కూడా ఇలాగే తుంచుతుందండి. అందుకే మిమ్మల్ని కనిపెట్టాను" అని అతను నవ్వి వదిలేశాడు.

ఆవిడ ఆ కొమ్మను తడిగుడ్డలో చుట్టి నా ఖాళీ పులిహోర డబ్బాలో పెట్టింది. అడిగి తెచ్చిన మొక్క ఎండిపోతుందని, దొంగిలించింది బతుకుతుందని ఆవిడ నమ్మకం. "నూరువరహాలు. ఎర్రవి. మీ గుమ్మం మెట్ల పక్కన పెట్టండి" అని, గొంతు తగ్గించి, "ఎరుపు దూరం నుంచి కూడా తెలుస్తుంది వదినగారూ" అంది.

అంటే ఆవిడకు మొత్తం తెలుసు. ఆ రోజు నాతో ఆ ఊసు ఎత్తింది ఆ ఒక్క మాటలోనే.

సాయంత్రం ఆవిణ్ణి దింపడానికి రేపల్లె వెళ్ళాం. ఇల్లు చేరగానే తల్లీకూతుళ్ళు వంటింట్లోకి వెళ్ళారు. ఇంక ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను. ఏ తల్లయినా చెబుతుంది. మీ అత్తకు కళ్ళు పోయాయే, ఇంక ఇల్లు నీదే అని చెప్పడానికి ఇంతకన్నా అదను దొరకదు. ముందుగదిలో కూర్చుని చెవులు అటే పెట్టాను. పండుమిరపకాయ పచ్చడిలో ఉప్పు చాలదన్న మాట వినిపించింది. మోకాలికి ఏ నూనె రాయాలో వినిపించింది. ఇంకేమీ లేదు. ఇంటికొచ్చాక వారం గడిచినా కోడలు తాళాల ఊసు ఎత్తలేదు. నేనే పంచదార డబ్బా అనుకుని ఉప్పు డబ్బా తీసినప్పుడు, ఆ పిల్ల ఏమీ ఎరగనట్టు డబ్బాలు మార్చి పెట్టింది. ఆ గుణం ఎక్కడిదో అప్పుడు ఆలోచించలేదు.

కార్తీకం వెళ్ళకముందే ఆవిడ మళ్ళీ దిగింది. అందరి ముందూ చెప్పింది.

"నాకు కళ్ళు మసకేస్తున్నాయి. తెనాలిలో కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయం. వదినగారు తోడొస్తే వెళ్తాను, లేకపోతే లేదు."

"నేనొస్తాగా అమ్మా" అంది కోడలు.

"నువ్వొస్తే నాకన్నా ముందు నువ్వేడుస్తావు. మీ అత్తగారైతే డాక్టరే భయపడతాడు."

ఆస్పత్రిలో ఆవిడ నన్నే ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. "ముందు మా వదినగారిని చూడండి. ఆవిడకు ఏమీ కాకపోతే అప్పుడు నేను కూర్చుంటాను" అని డాక్టరుతో చెప్పింది. ఇద్దరికీ కళ్ళలో చుక్కలు వేసి బల్ల మీద కూర్చోబెట్టారు. ఆ చుక్కలు పడితే కాసేపు ఏదీ ఆనదు. బాగున్న తన కళ్ళలో కూడా వేయించుకుని, నా చెయ్యి తడుముకుని పట్టుకుంది.

"ఇప్పుడు ఇద్దరికీ కనపడదు. బాత్రూముకు వెళ్ళాల్సొస్తే ఎవరు ఎవర్ని తీసుకెళ్తారో చూద్దాం" అంది.

అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. ఆవిడ ముందు నేను నవ్వడం అదే మొదలు. ఆవిడ చూడలేదు గానీ వినే ఉంటుంది.

నాకు ఒకదాని తర్వాత ఒకటి రెండు కళ్ళూ చేశారు. ఆవిడ కళ్ళకు ఏ జబ్బూ లేదన్నారు. "ఇద్దరు వియ్యపురాళ్ళూ పోటీపడి కళ్ళు చూపించుకున్నారు, మా అమ్మ గెలిచింది" అని మా అబ్బాయి నవ్వాడు. ఇంట్లో ఎవరూ నా గురించి ఇంకో మాట అనుకోలేదు. పొయ్యి నాదే, తాళాలు నావే. కట్టు విప్పిన రోజు ఆవిడ మొహం దగ్గరగా పెట్టి, "ఎలా ఉన్నాను?" అని అడిగింది.

"ముసలైపోయారు వదినగారూ" అన్నాను.

"మీ చూపు బాగా వచ్చింది" అంది.

ఇంత చేసిన మనిషికి నేను ఏ రోజూ మంచి మాట చెప్పలేదు. మా ఇద్దరికీ అలవాటు లేదు. చెప్పి ఉంటే, "నాకెందుకులెండి" అనే అనేది. నూరువరహాలు మాత్రం మెట్ల పక్కన నా నడుం ఎత్తు పెరిగింది. తినని మొక్కకు నీళ్ళు పోస్తున్నానని ఆవిడకు ప్రతిసారీ ఫోనులో చెప్పేదాన్ని. ఎన్ని గుత్తులు పూసిందని అడిగేది. అంతే.

పోయిన ఆదివారం, మళ్ళీ కార్తీకం కదా, అదే దారిన వెళ్ళాం. కోడలు రానంది. పిల్లల కోసం రమ్మని నేనే గట్టిగా చెప్పాను. తల్లి చీర కట్టుకుంది. దాని కొంగున ఒక ముడి ఉంది. ఆవిడ ఆఖరున వేసుకున్న ముడి అది. దేనికో ఎవరికీ తెలియదు. ఉతికేటప్పుడు కూడా కోడలు దాన్ని విప్పలేదు.

పార్కులో పంపు దగ్గర ఆ బిందె బొమ్మకు కొత్త రంగు వేశారు. చీర ఇప్పుడు నీలం. ముక్కు కాస్త విరిగింది. నేను తేరిపార చూస్తుంటే, పెద్దదైపోయిన మనవరాలు నవ్వుతూ, "నాయనమ్మా, ఆ రోజు అమ్మమ్మా నువ్వూ దీంతోనేగా పోట్లాడింది?" అంది.

కోడలు కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. కొంగు ముడి గుప్పిట్లో పట్టుకుని, పిల్లలకు కనపడకుండా మొహం తిప్పుకుని, గబగబా బాట వెంట నడవడం మొదలుపెట్టింది. కళ్ళనిండా నీళ్ళు. ముందు ఏముందో చూడటం లేదు. ఏదీ ఆనని కళ్ళతో ఎలా నడుస్తారో నాకు తెలుసు. కాలు ముందు వెళ్తుంది, మనసు వెనక్కి లాగుతుంది.

వెళ్ళి మోచెయ్యి పట్టుకున్నాను.

"అబ్బా, మోకాలు పట్టేసిందే. కాస్త చెయ్యివ్వు. నువ్వు పట్టుకోకపోతే అడుగు వెయ్యలేను."

కోడలు ఆగింది. కళ్ళు తుడుచుకోకుండానే నా వైపు తిరిగింది. "మీకు మోకాళ్ళ నొప్పి ఎప్పటి నుంచి అత్తయ్యా? పొద్దున సముద్రంలో బాగానే ఉన్నారుగా?"

"పొద్దున మోకాలు వేరు, మధ్యాహ్నం మోకాలు వేరు" అన్నాను.

ఆ మాట ఎవరిదో ఆ పిల్లకు తెలుసు. అప్పటి సంగతి ఎంతవరకూ తెలిసిందో నాకు తెలియదు, నేనూ చెప్పలేదు. నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది. కొంగు ముడి మా ఇద్దరి అరచేతుల మధ్య గింజలా గుచ్చుకుంటోంది. పిల్లలు వెనక వస్తున్నారు. నేను గొంతు పెంచాను.

"నాకెందుకులే గానీ, ఈ మెట్టు ఎవరు కట్టారే, ఇంత ఎత్తా?"

కోడలు కాలు ఎత్తి వేసింది.